గూటి నుంచి గొంతు దాకా

1997 మే నెలలో హాంకాంగ్‌లో ఒక మూడేళ్ళ పిల్లవాడికి జలుబు చేసింది. దగ్గు, గొంతు నొప్పి, జ్వరం. ఆ వయసు పిల్లలున్న ఇంట్లో ఏడాదికి నాలుగైదుసార్లు కనిపించే సంగతే. వారం తిరిగేసరికి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఊపిరి యంత్రం పెట్టారు. నెలాఖరు కాకముందే పిల్లవాడు చనిపోయాడు.

శ్వాసనాళం నుంచి తీసిన స్రావంలో ఫ్లూ వైరస్ కనిపించింది. ఏ రకమో మాత్రం తేలలేదు. అప్పట్లో మనుషుల్లో తిరుగుతున్నవి హెచ్1, హెచ్3 రకాలు. వాటిని పట్టే పరీక్షలు ప్రయోగశాలలో ఉన్నాయి కానీ ఈ వైరస్ దేనికీ చిక్కలేదు. నమూనాలు అట్లాంటాకు, లండన్‌కు, నెదర్లాండ్స్‌కు ప్రయాణం కట్టాయి. ఆగస్టులో జవాబు వచ్చింది: హెచ్5ఎన్1. అది కోళ్ళను చంపే రకం. మనిషికి సోకినట్టు అంతవరకూ ఎక్కడా దాఖలా లేదు.

ఎవరికైనా మొదట వచ్చే అనుమానమే నిపుణులకూ వచ్చింది. ప్రయోగశాలలో ఏదో పొరపాటున కలిసిపోయి ఉంటుంది! డచ్ శాస్త్రవేత్త యాన్ డి యోంగ్ విమానం ఎక్కి హాంకాంగ్ వచ్చి, ఆ గదులనూ పనితీరునూ స్వయంగా చూశాడు. అంతా శుభ్రంగా ఉంది. వైరస్ నిజంగానే పిల్లవాడిలోంచి వచ్చింది.

తర్వాత కొన్ని నెలలు ఏమీ జరగలేదు. నవంబరులో రెండో రోగి, ఆ వెనకే ఇంకొందరు. సంవత్సరం ముగిసేసరికి మొత్తం 18 మందికి సోకింది, వాళ్ళలో ఆరుగురు దక్కలేదు. బతికున్న కోళ్ళను అమ్మే బజార్లలో వెతికితే వైరస్ విరివిగా దొరికింది. డిసెంబరు 29న హాంకాంగ్ ప్రభుత్వం నగరంలో ఉన్న కోళ్ళన్నిటినీ చంపడం మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లో 13 లక్షలకు పైగా కోళ్ళు పోయాయి. కొత్త రోగులు రావడం ఆగిపోయింది.

అప్పటి నుంచి ఈ వైరస్ మనిషి గుమ్మం దాకా వచ్చి పోతూనే ఉంది. 2003 నుంచి 2025 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కిన హెచ్5ఎన్1 రోగులు వెయ్యికి కాస్త తక్కువ. పాతిక దేశాలవాళ్ళు. అందులో దాదాపు సగం మంది చనిపోయారు. పైపైన తగిలి పోయినవాళ్ళు ఆస్పత్రికి రారు కాబట్టి అసలు మరణాల శాతం ఇంతకంటే తక్కువే అయివుండాలి. అయినా ఈ లెక్కలో రెండు వింతలున్నాయి. సోకితే ఇంత ఘోరంగా ఎందుకు చంపుతోంది? ఇంత ఘోరమైనది ఇన్నేళ్ళలో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటూ ఎందుకు పోలేదు? రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. మన గొంతు దగ్గర.

బాతు కడుపులో

ముందు వైరస్ సొంత ఊరు చూడాలి. 1960ల చివర్లో రాబర్ట్ వెబ్‌స్టర్, గ్రేమ్ లేవర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా సముద్రతీరాన నడుస్తుంటే, ఒడ్డున చచ్చిపడివున్న సముద్రపక్షులు కనిపించాయి. ఇవి ఫ్లూతో చచ్చాయేమోనన్న ఊహ వాళ్ళను పక్షులుండే దీవులకు తీసుకెళ్ళింది. అక్కడి పక్షుల్లో ఫ్లూ జాడలు దొరికాయి. తర్వాతి ఏళ్ళలో వాళ్ళూ మరికొందరూ చేసిన పరిశోధనల్లో తేలినదేమిటంటే, ఫ్లూ వైరస్‌కు పుట్టిల్లు నీటిపక్షుల పేగులు. వైరస్ ఒంటిమీద రెండు రకాల ముళ్ళుంటాయి. కణాన్ని పట్టుకునేది హీమగ్లుటినిన్, పొట్టి పేరు హెచ్. పని ముగిశాక తెంచుకుని బయటపడటానికి తోడ్పడేది న్యూరామినిడేస్, అంటే ఎన్. పక్షుల్లో హెచ్ రకాలు 16, ఎన్ రకాలు 9 ఉన్నాయని చాలాకాలంగా లెక్క. హెచ్5ఎన్1 అన్న పేరు ఈ రెండు అంకెల కలయికే.

అడవిబాతుకు దీనివల్ల సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. వైరస్ పేగుల్లో పెరుగుతుంది, రెట్టతో నీళ్ళలోకి దిగుతుంది, ఆ నీళ్ళు తాగిన మరో బాతులోకి ఎక్కుతుంది. చల్లటి నీటిలో రోజుల తరబడి బతకగలదు. ఇద్దరి మధ్యా పాత ఒప్పందం లాంటిది.

ఆ ఒప్పందం కోళ్ళ షెడ్డులో చెడుతుంది. హెచ్ ముల్లు పనిచేయాలంటే ముందు దాన్ని ఒకచోట కత్తిరించాలి. ఆ కత్తెర వైరస్ దగ్గర లేదు, అది సోకిన జీవి శరీరంలోని ఎంజైము. మామూలు పక్షిఫ్లూకు కావలసిన కత్తెర పేగుల్లోనూ శ్వాసనాళాల్లోనూ మాత్రమే దొరుకుతుంది కాబట్టి జబ్బు అక్కడికే పరిమితం. హెచ్5, హెచ్7 రకాలకు మాత్రం ఒక అలవాటుంది. కోళ్ళ మందలో తిరిగేటప్పుడు ఆ కత్తిరింపు చోట కొన్ని అదనపు అమైనో ఆమ్లాలు చేరతాయి. ఇక ఫ్యూరిన్ అనే ఎంజైము కత్తిరించగలదు. అది శరీరంలో లేని చోటు లేదు. మెదడు, గుండె, కాలేయం, కండరం, అన్నిటి తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. సాయంత్రం దాణా తిన్న కోడి తెల్లారేసరికి తురాయి నీలంగా మారి, తల వాచి, పడివుంటుంది. రెండు మూడు రోజుల్లో షెడ్డంతా ఖాళీ.

ఇప్పుడు లోకమంతా తిరుగుతున్న హెచ్5ఎన్1 కుటుంబానికి మూలం 1996లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు పెద్దబాతులో దొరికిన వైరస్. అడవిపక్షి నుంచి పెంపుడు పక్షికి రావడం పాత దారి. 2005లో అది ఎదురు దారి పట్టింది. చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర ఆరు వేలకు పైగా అడవిపక్షులు చచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం, తల మీద రెండు నల్లచారలతో హిమాలయాలు దాటి చలికాలానికి మన దేశం వచ్చే పెద్దబాతులు. షెడ్లలో పదునెక్కిన వైరస్‌కు రెక్కలొచ్చాయి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్ళ ఫారాల్లో మన దేశపు మొదటి హెచ్5ఎన్1 బయటపడింది.

నేరమంతా వలసపక్షుల మీద వేస్తే సరిపోదు. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు వైరస్‌ను మోసేవి ఎక్కువగా లారీ టైర్లు, గుడ్ల అట్టలు, కోళ్ళ బోనులు, పనివాళ్ళ చెప్పులు. 2004లో థాయ్‌లాండ్‌లో జబ్బు వ్యాపించినప్పుడు పందెం పుంజుల రాకపోకల మీదా నిఘా పెట్టాల్సి వచ్చింది. సంక్రాంతికి పుంజును కారు సీట్లో కూర్చోబెట్టుకుని జిల్లాలు దాటించే గోదావరి ప్రాంతంవారికి ఆ చిత్రం కొత్తగా అనిపించదు.

ఒక చక్కెర, రెండు కొక్కేలు

కోడి నుంచి మనిషికి చేరాలంటే వైరస్ నాలుగు మెట్లు దాటాలి. తగలాలి, కణంలోకి దూరాలి, లోపల పెరగాలి, ఇంకొకరికి అంటాలి.

మొదటి మెట్టు సులువు. చచ్చిన కోళ్ళను వట్టి చేతులతో ఎత్తినా, ఈకలు పీకినా, పొట్ట కోసి శుభ్రం చేసినా, రెట్ట దుమ్ము పీల్చినా తగులుతుంది. రెండో మెట్టు దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. హెచ్ ముల్లు పట్టుకునేది కణం పైన వేలాడే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థాన్ని. ఆ చక్కెర కింది చక్కెరకు రెండు రకాలుగా తగిలించి ఉండొచ్చు. పక్షి పేగుల్లో ఒక రకం కొక్కెం, మన ముక్కులోనూ గొంతులోనూ ఎక్కువగా ఇంకో రకం. రసాయనంగా తేడా చాలా చిన్నది. వైరస్‌కు మాత్రం అది తాళం మారినంత.

పక్షి రకం కొక్కెం మన శరీరంలో బొత్తిగా లేకపోలేదు. ఊపిరితిత్తుల అడుగున, గాలిగదుల దగ్గర ఉంది. కంటిపొరలో ఉంది. ఇందాకటి రెండు వింతలకూ జవాబు ఇదే. వైరస్ మోతాదు ఎక్కువై లోతుకు దిగితే నేరుగా ఊపిరితిత్తుల అట్టడుగున స్థిరపడుతుంది, అందుకే న్యుమోనియా అంత తీవ్రం. అదే లోతు దాన్ని కట్టిపడేస్తుంది కూడా. ముక్కులో, గొంతులో సమృద్ధిగా పెరిగితేనే తుమ్ముకూ దగ్గుకూ బయటపడి ఎదుటివాళ్ళకు చేరగలదు. అడుగున దిగినది పైకి రావడం కష్టం.

మూడో మెట్టు వేడి. పక్షి ఒంటి వేడి 40 డిగ్రీల పైమాట. గాలి ఆడే మన ముక్కు లోపల 33 డిగ్రీల దరిదాపు. ఆ వేడికి అలవాటుపడిన వైరస్ యంత్రాంగం ఈ చల్లదనంలో మందగిస్తుంది. దాని పీబీ2 అనే ప్రొటీనులో 627వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే ఈ బెడద చాలావరకు తీరుతుంది. మనుషులకు సోకిన హెచ్5ఎన్1 నమూనాల్లో ఆ మార్పు పలుసార్లు కనిపించింది.

మరి నాలుగో మెట్టు ఎంత ఎత్తు? 2011లో నెదర్లాండ్స్‌లో రాన్ ఫూషియే బృందం, అమెరికాలో యోషిహిరో కవావోకా బృందం విడివిడిగా దీన్ని కొలవబోయాయి. ఫెర్రెట్ అనే, ముంగిసలా పొడుగ్గా ఉండే జంతువుకు ఫ్లూ సోకితే మనిషిలాగే తుమ్ముతుంది. హెచ్5 వైరస్‌ను మార్చి, ఫెర్రెట్ల మీద ప్రయోగించి చూస్తే, గుప్పెడు మార్పులతోనే గాలి ద్వారా పక్క బోనులోని జంతువుకు అంటింది. ఇలాంటి ఫలితాలు ప్రచురించాలా, దాచాలా అని ప్రపంచమంతా పెద్ద వివాదం రేగింది. చివరికి 2012లో రెండూ అచ్చయ్యాయి. ఫెర్రెట్ మనిషి కాదు, ప్రయోగశాల ఊరు కాదు. అయినా ఆ మెట్టు ఎక్కలేనంత ఎత్తేమీ లేదని తెలిసింది.

దొడ్డిదారి ఇంకొకటుంది. ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఒకే పోగుగా ఉండదు, ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు ఒకేసారి దూరితే, రెండు పేక కట్టలు కలిపి పంచినట్టు, కొత్త చేతులు పడతాయి. 1957 ఫ్లూ అలాగే పుట్టింది: మనుషుల వైరస్‌లోకి పక్షివి మూడు ముక్కలు వచ్చిపడ్డాయి. 1968లో రెండు ముక్కలు. ఆ రెండుసార్లూ లోకమంతా మంచాన పడింది. పందికి రెండు రకాల కొక్కేలూ ఉన్నాయి కాబట్టి ఈ పంపకానికి అనువైన చోటు అదేనని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పందుల మీదే కన్నేసి ఉంచారు.

కానీ వైరస్ ఆవు పొదుగు నుంచి వచ్చింది.

జున్నుపాలు

2024 మొదట్లో అమెరికాలోని టెక్సాస్ డెయిరీల్లో కొన్ని ఆవులు మేత తగ్గించాయి, పాలు పడిపోయాయి. పితికిన కొద్దిపాటి పాలు చిక్కగా, పసుపుపచ్చగా, ఈనిన మొదటిరోజు జున్నుపాలలా ఉన్నాయి. పశువైద్యులకు అంతుపట్టలేదు. దొడ్లో తిరుగుతూ ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు గుడ్డివై, నడక తప్పి చచ్చిపోవడం మొదలయ్యాక అనుమానం వేరే దారి పట్టింది. మార్చి 25న ప్రకటించారు: హెచ్5ఎన్1.

పొదుగు కణాల్లో రెండు రకాల కొక్కేలూ ఉన్నాయని తర్వాత తేలింది. వైరస్ ఆవు ముక్కులో కంటే పాలలోనే కుప్పలుగా ఉంది. ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు దాన్ని చేర్చినవాటిలో పాలు పితికే యంత్రం ముందు వరసలో ఉంది. వందల ఆవులకు వరసగా తగిలించే అవే గొట్టాలు, అవే కప్పులు. ఆవుల్ని రాష్ట్రాలు దాటించడంతో మిగతా పని జరిగిపోయింది. 2025 మధ్యనాటికి 17 రాష్ట్రాల్లో వెయ్యికి పైగా మందలకు సోకింది.

పితికే గదిలో నేల కంటే పల్లంలో నిలబడే పనివాడి ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది పొదుగు. కప్పు ఊడితే పాలు కంట్లో చిమ్ముతాయి. అమెరికాలో 2025 తొలినాళ్ళకు సోకినట్టు తేలిన 70 మందిలో ఎక్కువమంది డెయిరీల్లోనో కోళ్ళ ఫారాల్లోనో పనిచేసేవాళ్ళు, వాళ్ళలో చాలామందికి ప్రధాన బాధ కళ్ళు ఎర్రబడటం. కంటిపొరలో పక్షి రకం కొక్కెం ఉందన్న సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది. ఆ 70 మందిలో ఒకరే చనిపోయారు. లూసియానా రాష్ట్రంలో, పెరటి కోళ్ళ దగ్గరా అడవిపక్షుల దగ్గరా మసలిన మనిషి. ఒకరి నుంచి ఒకరికి అంటిన ఆధారం దొరకలేదు.

కాచిన పాలకు భయం లేదు, పాశ్చరీకరణ వేడి వైరస్‌ను చంపేస్తుంది. పాలు పొంగిస్తే గానీ పొయ్యి దించని తెలుగిళ్ళ అలవాటు ఈ విషయంలో మంచి కవచమే. కాకపోతే పాలు పితికేవాళ్ళూ దూడను విడిచేవాళ్ళూ పొంగకముందే పాలను తాకుతారు. మన దేశపు పాడిపశువుల్లో ఇలాంటి వ్యాప్తి బయటపడలేదు.

పాలిచ్చి పెంచే జంతువుల్లో వైరస్ వేళ్ళూనుకోవడం ఆవులతోనే మొదలు కాలేదు. 2022లో స్పెయిన్‌లో బొచ్చుకోసం పెంచే మింక్‌ల ఫారంలో వ్యాపించింది. 2023లో పెరూ, చిలీ తీరాల్లో వేల సముద్రసింహాలను చంపింది. అదే ఏడు అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో ఏనుగు సీళ్ళ పిల్లలు 17 వేలకు పైగా చచ్చాయని అంచనా. 2024 చివర్లో నాగపూర్ గోరేవాడ రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత చనిపోతే, పరీక్షల్లో తేలింది హెచ్5ఎన్1. అనుమానం వాటికి పెట్టిన కోడిమాంసం మీదికి పోయింది.

వేల్పూరు, కానూరు అగ్రహారం

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. గోదావరి జిల్లాల్లో వరిచేల మధ్యన పొడుగాటి రేకుల షెడ్లు, లోపల అంతస్తులుగా బోనులు, ఒక్కో ఫారంలో వేల నుంచి లక్షల గుడ్లకోళ్ళు. దగ్గర్లోనే వలసపక్షులు దిగే కొల్లేరు.

2025 మొదటి వారాల్లో ఈ షెడ్లలో కోళ్ళు కుప్పలుగా చచ్చాయి. కొక్కెర తెగులొచ్చినా ఇలాగే పోతాయి కాబట్టి చూపుతో చెప్పడం కష్టం. నమూనాలు భోపాల్‌లోని జాతీయ జంతువ్యాధుల ప్రయోగశాలకు వెళ్ళాయి. ఫిబ్రవరి రెండో వారంలో జవాబు వచ్చింది: తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో హెచ్5ఎన్1. నిబంధన ప్రకారం కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళను చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టాలి. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో కోళ్ళ లారీలను వెనక్కి పంపింది. చికెన్ ధర కుప్పకూలింది. ఉడికించి తింటే ప్రమాదం లేదని చెప్పడానికి ఉచిత చికెన్ మేళాలు పెడితే జనం ఎగబడ్డారు. ఆ మాట నిజం కూడా: 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ బతకదు. కుతకుతలాడే కూర దగ్గర ప్రమాదం లేదు. దానికి ముందు, కత్తిపీట దగ్గర ఉంది.

అది మార్చిలో తెలిసొచ్చింది. పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప తీవ్ర జ్వరం, ఆయాసంతో మంగళగిరి ఎయిమ్స్‌లో చేరి, చనిపోయింది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ హెచ్5ఎన్1 అని ధ్రువీకరించింది. ఇంట్లో కోడిమాంసం కోస్తుండగా పాప పచ్చిముక్క నోట్లో పెట్టుకుందని పత్రికల్లో వచ్చింది. ఆరోగ్య సిబ్బంది చుట్టుపక్కల ఇళ్ళన్నీ తిరిగారు. ఇంకెవరికీ సోకినట్టు తేలలేదు. దేశంలో మొదటి మరణం 2021లో, హర్యానాకు చెందిన 11 ఏళ్ళ బాలుడిది. అప్పుడూ వైరస్ అక్కడితోనే ఆగింది.

ఎవరు ముందు చెబుతారు

వైరస్ రెండు చోట్ల ఆగుతుంది: శరీరంలో కొక్కెం దగ్గర, బయట షెడ్డు గుమ్మం దగ్గర. మొదటిది మన చేతిలో లేదు. రెండోదాని సంగతి చైనా చూపించింది. అక్కడ 2013లో హెచ్7ఎన్9 అనే మరో పక్షిఫ్లూ మనుషులకు సోకడం మొదలైంది. అది మొదట్లో కోళ్ళను చంపలేదు కాబట్టి బజార్లలో చడీచప్పుడు లేకుండా తిరిగింది. కొన్నేళ్ళలో 1,500 మందికి పైగా రోగులయ్యారు, 600 మందికి పైగా చనిపోయారు. 2017లో కోళ్ళకు పెద్ద ఎత్తున టీకాలు వేశాక మనుషుల్లో రోగులు దాదాపు లేకుండా పోయారు.

మనుషులకూ ఆయుధాలు లేకపోలేదు. ఒసెల్టామివిర్ మాత్ర, వేళకు మొదలుపెడితే, పనిచేస్తుంది. 2005 చివర్లో పక్షిఫ్లూ భయం ముదిరినప్పుడు దాన్ని తయారుచేసే ఉపలైసెన్సు పొందిన సంస్థల్లో హైదరాబాదు హెటిరో ఒకటి. 2024లో ఫిన్లాండ్ కోళ్ళ, బొచ్చుజంతువుల ఫారాల్లో పనిచేసేవాళ్ళకు హెచ్5 టీకా ఇవ్వడం మొదలుపెట్టింది. చిక్కల్లా ఒకటే, ఫ్లూ టీకాల్లో అధికభాగం ఇప్పటికీ కోడిగుడ్లలోనే పెంచుతారు. కోళ్ళు పోయే జబ్బుకు టీకా కోళ్ళే ఇవ్వాలి.

ఇక షెడ్డు గుమ్మం. కోళ్ళు చావడం మొదలైన రోజు రైతు ముందు రెండు దారులుంటాయి. పశువైద్యుడికి ఫోను చేయొచ్చు. చేస్తే మిగిలినవీ చంపేస్తారు, కిలోమీటరులోపు ఉన్న పక్కవాళ్ళ కోళ్ళూ పోతాయి, ఊళ్ళో ముఖం చెల్లదు. పరిహారం అధికారులు చంపిన కోళ్ళకే, అప్పటికే చచ్చినవాటికి రాదు. లేదంటే, నిలబడివున్న కోళ్ళను ఆ రాత్రే వచ్చిన ధరకు లారీ ఎక్కించొచ్చు. రెండో దారిలో లారీతోపాటు వైరస్ కూడా జిల్లా దాటుతుంది, చచ్చినవి కాలువలో పడితే బాతులకూ చేరుతుంది.

కోళ్ళను పూడ్చే బృందానికి మాస్కులు, తొడుగులు, ముందుజాగ్రత్తగా ఒసెల్టామివిర్ ఇస్తారు, పది రోజులపాటు జ్వరం ఉందేమో చూస్తారు. అంతకు ముందు వారమంతా అవే కోళ్ళను వట్టి చేతులతో ఏరి గోతాల్లో వేసినవాడు ఫారం కూలీ. ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చి, షెడ్డు పక్క గదిలోనే కాపురముంటాడు. షెడ్డు ఖాళీ అయితే అతనికి పనిలేదు. సున్నం చల్లి గొయ్యి మూసేలోపే బట్టలు మూటగట్టుకుని రైలెక్కేస్తే, పది రోజుల లెక్కలో అతని పేరుండదు. మూడో రోజునో నాలుగో రోజునో జ్వరమొస్తే అది ఎక్కడో వేరే రాష్ట్రంలో, ఏ చిన్న డాక్టరు దగ్గరో వస్తుంది. కోళ్ళ దగ్గర పనిచేశావా అని ఆ డాక్టరు అడగాలి.